కొత్త లివర్.. పసరు కాలువ గండం

లివర్ మార్పిడి ఆపరేషన్‌లో అన్నిటికంటే చివర కుట్టేది చాలా సన్నటి గొట్టాన్ని. పుస్తకాల్లో దాని పేరు పిత్తనాళం. మన ఊళ్ల భాషలో చెప్పాలంటే పసరు పోయే దారి. లివర్ రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా పసరు తయారుచేస్తుంది. అదంతా ఈ దారిలోంచే పేగులోకి దిగాలి. దాత నుంచి కోసి తీసిన లివర్ ముక్కకు ఉండే నాళం వెడల్పు చాలాసార్లు నాలుగైదు మిల్లీమీటర్లే. బాల్‌పెన్ రీఫిల్ కంటే ఓ రవ్వ లావు, అంతే. పెద్ద రక్తనాళాలన్నీ కలిపి, లివర్‌లోకి నెత్తురు పారి, దాని రంగు తిరిగాక.. అప్పటికే గంటల తరబడి నిలబడి ఉన్న సర్జన్ ఈ రీఫిల్‌ని ఇంకో రీఫిల్‌కి కుట్టాలి.

ఆ కుట్టు లీకైతే కడుపులో పసరు చేరుతుంది. కుట్టు గట్టిపడి ముడుచుకుంటే పసరు వెనక్కి తన్నుతుంది. లీకులు ఎక్కువగా మొదటి వారాల్లో కనిపిస్తాయి. ముడుచుకోవడం నెలల మీద, చాలామందికి మొదటి ఏడాదిలోపు జరుగుతుంది. లెక్కలు ఆసుపత్రిని బట్టి మారతాయి గానీ, స్థూలంగా నూటికి పది నుంచి ముప్ఫై మంది దాకా ఈ రెండింట్లో ఏదో ఒకటి చూస్తారు. బతికున్న దాత దగ్గర ముక్క తీసుకున్నవాళ్లలో ఆ అంకె పైవైపు ఉంటుంది.

1968లో కేంబ్రిడ్జ్‌లో యూరప్‌కే మొదటి లివర్ మార్పిడి చేసిన సర్జన్ రాయ్ కాన్. పిత్తనాళం కుట్టుని ఈ ఆపరేషన్‌కి 'అకిలీజ్ మడమ' అన్నది ఆయనే. మన భారతం లెక్కలో దుర్యోధనుడి తొడ అనుకోండి. ఒళ్లంతా వజ్రమే, దెబ్బ తగిలేది అక్కడ. మందులు మారాయి, కుట్టే దారాలు మారాయి, మనుషులు ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతున్నారు. తొడ మాత్రం ఇంకా తొడే.

మరి ఎవరికి ముడుచుకుంటుందో ముందే చెప్పొచ్చా?

నేను డాక్టర్ని కాదు. కర్నూలులో ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. బ్యాంకుల కోసం మోడల్స్ రాస్తాం. లోన్ తీసుకున్నవాళ్లలో ఎవరు ఎగ్గొడతారో ముందే అంచనా వేసే కోడ్ అన్నమాట. ఈ ప్రశ్న నాకెందుకంటే.. నా లివర్ కుడిభాగం ఇప్పుడు మా నాయన పొట్టలో ఉంది. ప్రొద్దుటూరులో బట్టల షాపు ఆయనది.

రెండుంటే మంచిదే గదా!

ఆపరేషన్‌కి ముందు దాతకి కూడా ఎంఆర్‌సీపీ అనే స్కాన్ తీస్తారు. లోపలి పిత్తనాళాలు చెట్టు కొమ్మల్లా ఎలా చీలాయో అందులో కనిపిస్తుంది. నా స్కాన్ చూసి సర్జన్ చెప్పింది ఇదీ: "మీ అబ్బాయికి కుడివైపు నాళాలు కలవాల్సిన చోటికి ముందే చీలిపోయాయండీ. కోస్తే రెండు నోళ్లు వస్తాయి. ఒక కుట్టు కాదు, రెండు కుట్లు పడతాయి. రిస్క్ కొంచెం ఎక్కువ."

పక్కనే కూర్చున్న మా జేజి వెంటనే అందుకుంది. "రెండుంటే ఇంకా మంచిదే గదా సార్? ఒగటి పూడిపోతే ఇంగోటి ఉంటాది."

సర్జన్ నవ్వారు గానీ, ఆ ప్రశ్న తీసిపారేసేది కాదు. రెండు నాళాలు లివర్‌లోని వేర్వేరు భాగాల పసరు తెస్తాయి. ఒకటి పూడితే దాని వాటా ఇంకోదానిలోకి మళ్లదు. పైగా రెండుగా చీలినప్పుడు ఒక్కోటీ ఇంకా సన్నగా ఉంటుంది. కుడిభాగం తీసేటప్పుడు ఇలా రెండు నోళ్లు రావడం అరుదేమీ కాదు, చాలామంది దాతల్లో ఉండేదే. దాత దగ్గర మిగిలిన లివర్ కొన్ని నెలల్లో దాదాపు మునుపటంత పెరుగుతుంది. రోగికి పెట్టిన ముక్కా పెరుగుతుంది. నాళం నోళ్లు మాత్రం ఎన్ని వచ్చాయో అన్నే.

అసలు ఈ నాళానికే ఎందుకీ బాధ? మా వైపు వాళ్లకి ఇలా చెబితే తేలిగ్గా ఎక్కుతుంది. సుంకేసుల నుంచి కడప దాకా వచ్చే కేసీ కాలువ కింద ఒక పొలం ఉందనుకోండి. దానికి కాలువ నీళ్లూ ఉన్నాయి, బోరూ ఉంది. లివర్ అలాంటి పొలం. పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర దాని కాలువ, నెత్తురులో ముప్పాతిక వంతు అందులోంచే వస్తుంది. హెపాటిక్ ధమని బోరు. పిత్తనాళం మాత్రం అదే పొలం గట్టున కాలువ నీళ్లు ఎక్కని చెట్టు. దానికి బోరే గతి. ధమనిలో గడ్డ కట్టినా, నెత్తురు సన్నగిల్లినా లివర్ కొన్నాళ్లు ఓర్చుకుంటుందేమో గానీ నాళం ఎండిపోతుంది. అందుకే ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో డాప్లర్ స్కాన్ పదేపదే చేసి, ధమనిలో పారకం చూస్తారు.

రిస్క్ పెంచేవి ఇంకా కొన్ని ఉన్నాయి. లివర్ ఐస్‌లో ఎంతసేపు ఉంది, దాత వయసెంత, మొదట్లో లీకైందా లాంటివి. లీకైన చోటే తర్వాత ముడుచుకోవడం ఎక్కువ.

పసరే సాక్ష్యం చెబితే

బయటి దేశాల్లో ఈ అంచనా విషయంలో నాకు బాగా నచ్చిన పని ఒకటి ఉంది. దాత నుంచి తీసిన లివర్‌ని ఐస్ పెట్టెలో పెట్టకుండా, మెషిన్ మీద పెట్టి ఒంటి వేడి దగ్గర నెత్తురు తిప్పుతారు. లివర్ ఆ మెషిన్ మీదే పసరు కారుస్తుంది. నాళం లోపలి పొర ఆరోగ్యంగా ఉంటే పసరుని క్షారంగా మారుస్తుంది. పొర దెబ్బతింటే ఆ పని చేయలేదు. అంటే పీహెచ్ కొలిస్తే నాళం భవిష్యత్తు తెలిసిపోతుందా? మెషిన్ మీద పసరు పీహెచ్ 7.5 దాటలేని లివర్లకి తర్వాత నాళాల జబ్బు వస్తోందని కేంబ్రిడ్జ్ సర్జన్లు గమనించారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఇలాంటి కొలతలతోనే ఏ లివర్ వాడాలో, ఏది వద్దో తేల్చుకుంటున్నారు. పదో తరగతి కెమిస్ట్రీ ఒక మనిషి ప్రాణానికి పనికొస్తోందంటే ముచ్చటేస్తుంది.

ఆ గ్రోనింగెన్ బృందమే ముందుండి నడిపిన ఇంకో ప్రయోగం 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. గుండె ఆగిన దాతల నుంచి తీసిన లివర్లకి, మార్పిడికి ముందు మెషిన్ మీద చల్లటి ఆక్సిజన్ ద్రావణం ఎక్కించారు. ఆరు నెలల్లో లోపలి నాళాలు ముడుచుకున్నవాళ్లు ఆ గుంపులో 6 శాతం, మామూలు ఐస్ పెట్టె గుంపులో 18 శాతం. మూడో వంతుకి తగ్గిందన్నమాట.

కానీ మనకిది నేరుగా పనికిరాదు. అక్కడ ఎక్కువగా చనిపోయినవాళ్ల లివర్లు వాడతారు. మన దేశంలో ఎక్కువభాగం బతికున్న దాతలవే. 1998లో ఢిల్లీ అపోలోలో దేశంలోనే మొదటి విజయవంతమైన లివర్ మార్పిడి జరిగింది కదా, 20 నెలల పిల్లాడికి, అదీ తండ్రి ఇచ్చిన ముక్కతోనే. ఆ పిల్లాడు పెరిగి డాక్టరయ్యాడు. మన పద్ధతిలో లివర్ ఒక థియేటర్ నుంచి పక్క థియేటర్‌కి నడిచిపోయేంత దూరమే వెళ్తుంది. మధ్యలో మెషిన్ లేదు, పీహెచ్ కొలిచే తీరికా లేదు. మన సమస్య ఐస్ కాదు.. సన్నటి నోళ్లు, రెండు నోళ్లు.

80 శాతం కరెక్టు, నూటికి నూరు పాళ్లు వృథా

ఏఐతో చెప్పించలేమా అని ఆఫీసులో ఫ్రెండ్స్ అడిగారు. చెప్పించొచ్చు. ప్రపంచమంతా రాస్తున్నారు కూడా. అయితే ఒక చిన్న లెక్క చూడండి.

వంద మందికి మార్పిడి జరిగింది, అందులో 20 మందికి నాళం ముడుచుకుంటుంది అనుకుందాం. 'ఎవరికీ ఏమీ కాదు' అని నేను ఒక్క లైన్ కోడ్ రాస్తే అది 80 శాతం కరెక్ట్! పేపర్లో హెడ్డింగ్ కూడా పెట్టొచ్చు. కానీ పట్టుకోవాల్సిన ఒక్కరినీ పట్టుకోలేదు. కాబట్టి 'యాక్యురసీ ఇంత' అని ఎవరైనా గొప్ప చెబితే, ఎంతమందిని వదిలేశారో కూడా అడగండి.

సరే, ఇంకాస్త మంచి మోడల్ రాశాం. 20 మందిలో 15 మందిని పట్టుకుంది. మిగిలిన 80 మందిలో 20 మందిని ఊరికే భయపెట్టింది. మొత్తం 35 మందికి అలారం మోగితే, నిజమైంది 15 మందికే. ఇప్పుడా 35 మందిని ఏం చేయాలి? అందరికీ నోట్లోంచి గొట్టం దించి నాళంలోకి వెళ్దామా? దాన్నే ఈఆర్‌సీపీ అంటారు. దానివల్ల కొందరికి పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంది. అనుమానం మీద చేసే పని కాదది. చేయగలిగిందల్లా ఆ 35 మందిని దగ్గరగా కనిపెట్టుకుని ఉండటం. నెలకోసారి చేసే రక్తపరీక్ష పది రోజులకోసారి చేయడం, అవసరమైతే ఎంఆర్‌సీపీ తీయడం.

ఇంకో చిక్కుంది. అమెరికాలో చనిపోయిన దాతల పూర్తి లివర్ల డేటాతో నేర్చుకున్న మోడల్‌ని, రెండు నోళ్లున్న మన కుడి ముక్క మీద వాడితే అది కోనసీమ వరి లెక్కలతో మా వేరుశనగ దిగుబడి చెప్పినట్టే ఉంటుంది. మన మోడల్‌కి మన డేటానే కావాలి.

అసలు సంగతి అక్కడే ఉంది. నా ఉద్యోగంలో డేటా ఎలా వస్తుందంటే.. ఒకాయన ఈఎంఐ కట్టకపోతే బ్యాంకుకి ఆ రోజే తెలిసిపోతుంది. ఊరొదిలి పోయినా తెలుస్తుంది. 'కట్టలేదు' అన్న గడి నిండే తీరుతుంది. ఆసుపత్రి డేటా అలా కాదు. మైదుకూరు పక్క పల్లె నుంచి ఒకాయన మార్పిడి చేయించుకున్నాడు. ఆర్నెల్లు హైదరాబాద్ తిరిగాడు, తర్వాత డబ్బుల్లేక మానేశాడు. నాళం ముడుచుకుని, కడప ఆసుపత్రిలో జ్వరంతో చేరాడు. మార్పిడి చేసిన ఆసుపత్రి రికార్డులో ఆయన గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ గడిని తొందరపాటు పరిశోధకుడు 'ఏమీ కాలేదు' అని చదివితే? మోడల్ ఏం నేర్చుకుంటుందంటే.. దూరం నుంచి వచ్చినవాళ్లకి నాళాల జబ్బు తక్కువ అని! ఆ ముసలాయన ఊహే గానీ, ఫాలో-అప్ నుంచి జారిపోయినవాళ్లతో లెక్క తప్పడం స్టాటిస్టిక్స్‌లో పాత రోగమే. మోడల్ తప్పుగా రాయలేదు, కోడ్‌లో బగ్ లేదు. ఎవరూ చూడలేదు, అంతే.

అందుకే నాకు మెల్డ్ స్కోర్ అంటే గౌరవం. అమెరికాలో ఎవరికి ముందు లివర్ ఇవ్వాలో తేల్చడానికి 2002 నుంచి వాడుతున్న ఫార్ములా అది. మొదట్లో అందులో ఉన్నవి బిలిరుబిన్, క్రియాటినిన్, ఐఎన్ఆర్.. మూడే రక్తపరీక్షలు. కడపలోనూ చేస్తారు, కర్నూలులోనూ చేస్తారు. ఆ తర్వాత దానికి సోడియం లాంటివి కలిపారు గానీ, అది నిలబడింది మాత్రం ఎక్కడైనా దొరికే పరీక్షల మీద నడిచింది కాబట్టే.

జీజీటీ పాకిన రోజు

ఇక మా ఇంటి సంగతి. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు హైదరాబాద్‌లో ఉంచుకుని, నాయన్ని ప్రొద్దుటూరు పంపించాం. రక్తం అక్కడే తీయించి, రిపోర్ట్ ఫొటో నాకు వాట్సాప్ చేయాలి. నేను షీట్‌లో ఎక్కించి కోఆర్డినేటర్‌కి పంపాలి. ఇదీ ఒప్పందం. ప్రతిసారీ ఫోన్లో ఒకే గొడవ.

"ఒళ్లు బాగానే ఉండాది గదరా. మళ్లా సూది ఎందుకు?"

"బాగున్నప్పటి నంబర్ లేకపోతే, బాగలేనప్పటిది ఎట్ల తెలుస్తుంది నాయనా?"

షాపులో స్టాక్ రిజిస్టర్ రాసే మనిషి కాబట్టి ఆ మాట ఎక్కింది.

మూడో నెల జీజీటీ 46. నాలుగో నెల 88. ఇంకో పదిహేను రోజులకి 171. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా దాని వెంటే పాకింది. బిలిరుబిన్ మాత్రం 0.9, నార్మల్. కళ్లు తెల్లగా ఉన్నాయి, ఆకలి ఉంది, షాపులో కూర్చుంటున్నాడు. ల్యాబ్ అబ్బాయి బిలిరుబిన్ చూసి "కామెర్లు లేవన్నా" అన్నాడు. నిజమే, అప్పటికి లేవు. నాళం ముడుచుకోవడం మొదలైనప్పుడు చాలాసార్లు ముందు కదిలేవి ఈ రెండు ఎంజైములే. కళ్లు పచ్చబడటం చాలా వెనక వస్తుంది. అంకె పెరగ్గానే నాళమే అని కూడా అనుకోకూడదు. రిజెక్షన్ కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, మందుల వల్ల కావచ్చు. ఏది అన్నది డాక్టరే తేల్చాలి. షీట్ చెప్పగలిగిందల్లా 'ఇప్పుడు చూడండి' అని.

ఎంఆర్‌సీపీలో తేలింది. రెండు కుట్లలో ఒకటి ముడుచుకుంది. వారంలో ఈఆర్‌సీపీ చేసి స్టెంట్ వేశారు. ఏడాదిలో నాలుగుసార్లు మార్చి, తర్వాత తీసేశారు. జ్వరం రాలేదు, ఐసీయూ చూడలేదు.

ఇక్కడ వాడింది ఏఐ కాదు, ఎక్సెల్. నేను రాసిన ఫార్ములా కూడా ఒకటే.. పోయినసారి కంటే ఒకటిన్నర రెట్లు దాటితే గడి ఎర్రబడాలి. దానికి పైసా ఖర్చు లేదు. ఖర్చంతా నాయన్ని ల్యాబ్ దాకా నడిపించడంలోనే!

ఒక చిన్న విషయం. ఊళ్లలో కొన్ని ల్యాబుల ఎల్ఎఫ్‌టీ ప్యాకేజీలో జీజీటీ ఉండదు. అడిగి రాయించుకోవాలి. ల్యాబ్ మారిస్తే అంకెలు కాస్త అటూఇటూ అవుతాయి కాబట్టి ఒకే చోట చేయించడం మేలు.

కర్నూలులో చదివిన ఈఆర్‌సీపీ డాక్టర్

ఈఆర్‌సీపీ అంటే నోట్లోంచి కెమెరా గొట్టం దించి, కడుపు దాటి, చిన్నపేగు మొదట్లో పసరు నాళం తెరుచుకునే బుడిపె దగ్గరికి వెళ్తారు. అందులోంచి సన్నటి తీగ పైకి తోసి, ముడుచుకున్న చోట బెలూన్‌తో వెడల్పు చేసి, స్టెంట్ పెడతారు. ప్లాస్టిక్ స్టెంట్ అయితే సాధారణంగా మూడు నెలలకోసారి మార్చాలి, లేకపోతే అదే పూడిపోతుంది. పొట్ట కోయనక్కర్లేదు.

ఈ పనిలో ప్రపంచంలో ఎవర్ని అడిగినా చెప్పే పేర్లలో ఒకటి డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డిది. ఆయన ఎంబీబీఎస్ చదివింది మా కర్నూలు మెడికల్ కాలేజీలోనే. తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో ఎండీ, చండీగఢ్ పీజీఐలో గ్యాస్ట్రోఎంటరాలజీ చేశారు. హైదరాబాద్‌లో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పెట్టారు. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ వచ్చాయి. కర్నూలులో ఆటో ఎక్కి పెద్దాసుపత్రి అంటే, పక్కనే ఉన్న ఆ కాలేజీ ముందే దింపుతారు.

నాకు గర్వంగానూ ఉంటుంది, కాస్త గుచ్చుకుంటుంది కూడా. అక్కడ చదివిన విద్య హైదరాబాద్ చేరింది, దానికోసం మనం హైదరాబాద్ చేరాలి. కర్నూలు నుంచి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. కడప నుంచి దానికి దాదాపు రెట్టింపు. కడప వాళ్లకి చెన్నై, బెంగళూరు కాస్త దగ్గర. నాళం పూర్తిగా మూసుకుని, పసరులో చీము పట్టి, చలిజ్వరంతో వణుకుతున్న మనిషికి రాత్రి బస్సు చాలా పొడుగు. అదే జీజీటీ పాకిన వారంలోనే బయల్దేరితే, కిటికీ సీట్లో కూర్చుని పల్లీలు తింటూ వెళ్లొచ్చు. మా నాయన అలాగే వెళ్లాడు.

మా వైపు ఇంకో ప్రమాదం ఉంది. కళ్లు పచ్చబడితే చాలు, 'పలానా ఊర్లో పసరు పోస్తారు, మూడు పూటల్లో తగ్గుద్ది' అనే చుట్టం ప్రతి ఇంట్లో ఉంటాడు. మార్పిడి చేయించుకున్న మనిషి రోజూ టాక్రోలిమస్ లాంటి మందు వేసుకుంటాడు. నెత్తురులో దాని మోతాదు పెరిగితే కిడ్నీకి దెబ్బ, తగ్గితే లివర్‌కి దెబ్బ. ఏ ఆకు రసం దాన్ని ఎటు నెడుతుందో పోసేవాడికీ తెలియదు, తాగేవాడికీ తెలియదు. పైగా ఇక్కడ అడ్డం ఒక గొట్టంలో ఉంది. గొట్టం పూడితే తీగతో తెరవాలి గానీ ఆకుతో తెరుచుకోదు. ఒంటికి దురద, మూత్రం ముదురు పసుపు, మలం సున్నం రంగు, చలితో జ్వరం.. వీటిలో ఏది కనిపించినా ఫోన్ వెళ్లాల్సింది మార్పిడి చేసిన టీమ్‌కే.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ జరుగుతుంటే, డిశ్చార్జ్ రోజు ఒక్క విషయం అడిగి కాగితం మీద రాయించుకోండి. నాళాలు ఎన్ని, దేనికి కుట్టారు? నాళాన్ని నాళానికే కుడితే నోట్లోంచి ఈఆర్‌సీపీతో వెళ్లొచ్చు. కొందరికి నాళాన్ని నేరుగా పేగు మలుపుకి కుడతారు. అప్పుడు నోటి దారిన చేరడం కష్టం, ఎక్కువగా పక్కటెముకల మధ్య నుంచి సూదితో లివర్‌లోకి వెళ్లి దారి తెరవాల్సి వస్తుంది. దాన్ని పీటీబీడీ అంటారు, చేసేది రేడియాలజీ డాక్టర్. అర్ధరాత్రి కర్నూలులోనో కడపలోనో క్యాజువాలిటీలో ఉన్న డ్యూటీ డాక్టర్ మిమ్మల్ని ఎటు పంపాలో ఆ ఒక్క లైన్ చూసే తేల్చుకుంటారు. మా నాయన పర్సులో ఆ కాగితం లామినేషన్ చేసి ఉంది, ఆధార్ కార్డు వెనకాల.